కెమెరా ముందు దుప్పటి

ఇల్లు, వంటగది బల్ల

చి.సౌ. ఆడపడుచుకి,

ఆశీస్సులు. నిరుడు పంపినవి వాడకుండా దాచి ఉంటే వీటిని కూడా వాటి పక్కన పెట్టుకో.

నువ్వు మా గడప తొక్కి ఏడేళ్ళు దాటింది. ఎందుకు తొక్కవో నాకెవరూ చెప్పలేదు. అడిగితే మీ అన్నయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు, అత్తయ్య కళ్ళజోడు తుడవడం మొదలుపెడతారు. ఫోను చేద్దామంటే అత్తయ్య స్పీకరు పెట్టమంటారు కాబట్టి మనిద్దరికీ ఉత్తరమే గతి. నాకూ అదే మేలు. ఉత్తరంలో మధ్యలో ఎవరూ అందుకోరు.

ముందు విషయం చెబుతాను, ఎత్తిపొడుపులు తర్వాత. నాకు మూర్ఛ వచ్చి ఇరవై ఏళ్ళయిన సంగతి నీకు తెలుసు. మందులు మారాయి, డాక్టర్లు మారారు, ఒకాయన రిటైరు కూడా అయ్యాడు. ఫిట్స్ మాత్రం పర్మనెంటు ఉద్యోగిలా నెలకి రెండు మూడుసార్లు డ్యూటీకి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ కొత్త మాట చెప్పారు. ఫిట్స్ మెదడులో ఒక్కచోటే మొదలవుతుంటే, ఆ చోటేదో గట్టిగా తెలిస్తే, ఆ కాస్త ముక్క తీసేసి వీటిని ఆపొచ్చునట. తెలియకపోతే ఈ జన్మకి ఈ మాత్రలే. చోటు తెలియాలంటే తలకి తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, మందు తగ్గించి, ఫిట్స్ వచ్చేదాకా కూర్చోబెడతారు. వచ్చేవారం చేరుతున్నాను.

నాకు ఆ ఆపరేషను కావాలి. ఇంట్లో ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు, నీతో అంటున్నాను. నువ్వు ఊళ్ళోవాళ్ళందరికీ కారు తోలడం నేర్పుతావు. నన్ను వీళ్ళు స్టూలు కూడా ఎక్కనివ్వరు. పై అరలో డబ్బా కావాలంటే మీ అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. వచ్చాక ఆయన తప్పు డబ్బా దించుతారు.

ఆసుపత్రిలో నాకు తోడు కూడా ఆయనే. అందుకే ఈ ఉత్తరం ఇంత దిగులుగా ఉంది.

వదిన


డ్రైవింగ్ స్కూలు, ముందుగది

వదినా,

ఆశీస్సులు అందాయి. నిరుటివి సీలు కూడా విప్పలేదు.

ఎందుకు రానో అడిగావు. నీకు తెలియకపోతే లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆ మాట వదిలెయ్.

అన్నయ్యని తోడు తీసుకెళ్తున్నావా? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన "ఎలా ఉందమ్మా?" అని నన్ను అడిగితే, "బానే ఉందండి" అని తనే చెప్పి, నన్ను అలాగే వెనక్కి తీసుకొచ్చిన మనిషి. ఆ జ్వరం పదిరోజులుంది. ఇంట్లో బాగా లేనిదేదీ బయటికి చెప్పకూడదని అమ్మ వాడికి పాలతో పాటు పోసింది. నాకు పొయ్యడం మర్చిపోయింది.

నీ తలలో చోటు దొరకాలనే కోరుకుంటున్నాను. మనం ఎన్ననుకున్నా అది కోరుకోనంత దుర్మార్గురాలిని కాను.

ఇక్కడ ఒక ఆసామి బ్రేకనుకుని అన్నీ నొక్కుతున్నాడు. వెళ్ళాలి.

ఆడపడుచు


ఆసుపత్రి, మూడో అంతస్తు, కెమెరా గది

ఆడపడుచుకి,

ఈ గదిలో ఫోను పనికిరాదన్నారు. తీగల పక్కన ఉంటే గీతల్లో రొద వస్తుందట. పెన్నుతో ఆ పేచీ లేదు.

తీగలు అంటించే అమ్మాయి ఒకతె ఉంది. తీగలమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. దర్జీలాగా టేపు తీసి ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ప్రతి గుర్తు దగ్గరా జుట్టు పాయ తీసి, ఇసుకలాంటి ముద్దతో రుద్ది, చిన్న గిన్నెలాంటి బిళ్ళ పెట్టి, జిగురు గుడ్డతో అంటించింది. గది నిండా గోళ్ళరంగు చెరిపే మందు వాసన. తీగలన్నీ వెనక్కి జడలా కట్టి, భుజానికి వేలాడే పెట్టెలో గుచ్చింది. పెళ్ళినాడు కూడా నా తల మీద ఎవరూ ఇంత శ్రద్ధ పెట్టలేదు.

అద్దంలో కరెంటు స్తంభంలా ఉన్నాను. మీ అన్నయ్య చూసి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్నారు. ఇక్కడ నన్ను చూసేది ఒక్క కెమెరాయే. అది ఏమనుకుంటుందో అని ఆయన దిగులు.

ఈ తీగలు ఏం చేస్తాయని అడిగాను. పక్కింట్లో గొడవ జరుగుతుంటే గోడకి చెవి ఆనించి వినడం లాంటిదంది తీగలమ్మాయి. పుర్రె మందం గోడ. లోపలి మాటలు తెలియవు కానీ, మొదటి క్షణాల్లో జాగ్రత్తగా వింటే గొడవ ఏ గదిలో లేచిందో పట్టుకోవచ్చు. కాసేపయ్యాక ఇల్లంతా కేకలే. ఇక ఎవరు మొదలుపెట్టారో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. నాకు ఇట్టే అర్థమైంది. మీ ఇంటి కోడలిని కదా.

మందు తగ్గించారు, నిద్ర తగ్గించారు. ఫిట్స్ రావడం లేదు. ఇరవై ఏళ్ళు పిలవకుండా వచ్చిన చుట్టం, పిలిచేసరికి బెట్టు చేస్తోంది. మీ అన్నయ్య బస్సు తప్పిపోయినవాడిలా కూర్చున్నారు. నిన్న అత్తయ్య వచ్చి, ఫిట్స్ రాకూడదని అలవాటుగా దేవుడికి దండం పెట్టారు. ఇప్పుడు రావాలని కదమ్మా పెట్టాలి అని మీ అన్నయ్య గుర్తు చేశారు. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఆ దేవుడి పరిస్థితి ఆలోచించు.

రాబోతుందనిపిస్తే నొక్కమని చేతికి ఒక మీట ఇచ్చారు. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టవుతుంది నాకు. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. తెలివి వచ్చేసరికి అందరూ నా వైపు చూడకుండా ఏదో పని చేసుకుంటూ ఉంటారు. ఎప్పుడూ అంతే.

ఫిట్స్‌లో ఈవిడ ఏమైనా మాట్లాడతారా అని డాక్టరమ్మ వాళ్ళిద్దరినీ అడిగారు. తల్లీ కొడుకూ ఒకే గొంతుతో లేదన్నారు. నేను కాపురానికి వచ్చాక వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడటం అదే మొదటిసారి.

వదిన


డ్రైవింగ్ స్కూలు

వదినా,

ఒకే గొంతుతో లేదన్నారని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నాతో వేళాకోళానికే రాశావనుకుంటాను. ఆసుపత్రి మంచం మీద కూడా నీకు ఆ ఓపిక ఉన్నందుకు సంతోషం.

తగ్గాక రాయి.

ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల

ఆడపడుచుకి,

వేళాకోళం నాకెందుకు? నువ్వేమంటున్నావో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ఇంటికి పంపేశారు.

నేను చేరిన నాలుగోరోజు మహాతల్లి వచ్చింది. మీట నొక్కడం వరకు నాకు గుర్తుంది. మిగతాది డాక్టరమ్మ తెరమీద చూపించారు. ఇరవై ఏళ్ళకి నా ఫిట్స్ నేను చూడబోతున్నానని కుర్చీ ముందుకి జరుపుకున్నాను. తెరమీద ఏముందో తెలుసా? దుప్పటి.

నేను మీట నొక్కానో లేదో మీ అన్నయ్య లేచారు. కాళ్ళ దగ్గర మడతపెట్టిన దుప్పటి ఒక్క విదిలింపుతో విప్పి, తల మీంచి కప్పి, తీగల జడతో సహా నన్ను చుట్టి ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నారు. రెండో చేత్తో టీవీ సౌండు పెంచారు. ఎంత చాకచక్యమనుకున్నావు! ఏళ్ళ సాధన ఉంటే తప్ప రాదు. నర్సు పరుగెత్తుకొచ్చి దుప్పటి లాగుతుంటే ఈయన అటునుంచి లాగుతూ, "అయిపోయిందండీ, ఏం లేదండీ" అంటున్నారు.

ఇక తల గీతలు. మొదటి క్షణాలు పట్టుకోవలసిన చోట కాగితాన్ని బొగ్గుతో అలికినట్టుంది. తీగలమ్మాయి దాన్ని చూపించి, "ఇది మీ మెదడు కాదండీ, మీవారి చేతులు" అంది.

మర్నాడు ఇంకోటి వచ్చింది. అప్పటికి ఆయన్ని గోడ దగ్గర కూర్చోమని గట్టిగా చెప్పారు. బుద్ధిగా కూర్చున్నారు. ఫిట్స్ వచ్చేసరికి కుర్చీతో సహా వచ్చేశారు. ఎందుకు కప్పారని అడిగితే, అలవాటు అన్నారు.

ఫలితం విను. స్కానులో కుడివైపు చిన్న మచ్చలాంటిది కనిపిస్తోందట. మచ్చ ఉన్నంతమాత్రాన దొంగ అదే అనడానికి లేదట. మాట పుట్టే చోటు చాలామందికి ఎడమవైపు ఉంటుంది. మీవాళ్ళేమో ఫిట్స్‌లో మాట రాదంటున్నారు, అంటే ఎడమవైపునీ అనుమానించాలి. ఎడమవైపు కోస్తే మాటకే ముప్పు. ఒక వేలు కుడికీ ఒక వేలు ఎడమకీ చూపిస్తుంటే కత్తి పట్టుకోమని చెప్పలేనన్నారు డాక్టరమ్మ. ఆపరేషను లేదు.

మీ అన్నయ్య హమ్మయ్య అన్నారు. దేవుడు ఎవరి దండం అందుకున్నాడో తేలిపోయిందని అత్తయ్య అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలన్నీ మళ్ళీ తోమాను.

ఇంకో ఇరవై ఏళ్ళు ఇలాగే. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

వదిన


డ్రైవింగ్ స్కూలు కారు, రోడ్డు పక్కన

వదినా,

పాఠం ఆపించి, కారు పక్కకి తీయించి రాస్తున్నాను. నేర్చుకునే ఆసామి వెనకసీట్లోకి పోయి పేపరు చదువుకుంటున్నాడు. అతనికీ హాయిగానే ఉన్నట్టుంది.

నువ్వు ఫిట్స్‌లో మాట్లాడవా? మాట్లాడటమేమిటి, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతావు! అది నీకు తెలుసనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలిసీ తెలియనట్టు నటిస్తున్నావని నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కున్నాను. నీ ఆపరేషను పోయిందని చదివాక బుర్రకెక్కింది. ఎవరూ తన ఆపరేషను పోగొట్టుకుని మరీ నటించరు.

విను. ఏడేళ్ళ కింద మా ఆయనతో పోట్లాడి మీ ఇంటికి వచ్చాను. కొన్నాళ్ళు ఉందామనే వచ్చాను. నేను సంచి విప్పుతున్నాను, నువ్వు ఉతికిన బట్టలు మడతపెడుతున్నావు. ఉన్నట్టుండి ఆగిపోయావు. పెదాలు చప్పరించావు, కుడిచేత్తో చీర అంచు నలపడం మొదలుపెట్టావు. తర్వాత నా మొహంలోకి చూసి, తీరిగ్గా, చల్లగా, అండీ గిండీ పెట్టి మరీ అన్నావు: "ఇక బయల్దేరండి, పొద్దుపోయింది."

అప్పటికింకా ఎవరూ పొద్దుటి కాఫీ కూడా తాగలేదు.

నేను బయల్దేరాను. అమ్మ గేటు దాకా వచ్చి, అది ఫిట్స్‌లో అందరినీ అదే అంటుంది, పట్టించుకోకు, దానికి మాత్రం చెప్పకు అంది. అక్కడితో ఊరుకుంటే నేను సంచితో సహా వెనక్కి వచ్చేదాన్ని. ఊరుకోలేదు. "ఏమోనే, మనసులో ఉన్నదే అప్పుడు బయటికొస్తుందంటారు" అని కూడా అంది. ఆ ముక్క పట్టుకుని ఏడేళ్ళు వేలాడాను.

తర్వాతి సంగతులు అమ్మ ఫోనులో చెప్పినవే. అన్నయ్య పై ఆఫీసరు భోజనానికి వచ్చి చెయ్యి కడుక్కుని కూర్చోగానే ఆయనతోనూ అదే అన్నావట. ఆయన బయల్దేరాడు. అన్నయ్య ప్రమోషను కూడా ఆయన వెంటే బయల్దేరింది. దుప్పటి అప్పటినుంచే మొదలు, అంతకుముందు నీకు ఫిట్స్ వస్తే అన్నయ్య పక్కగదిలోకి పోయేవాడు. టీవీ సౌండు అమ్మ ఆలోచన.

అమ్మకైతే నెలనెలా చెబుతున్నావు. ఆవిడ ఒక్కసారైనా బయల్దేరిందా? నేను ఒక్కసారికే బయల్దేరాను. పౌరుషం అంతా నాకే వచ్చింది.

ఈ సంగతి నీ డాక్టరమ్మకి పనికొస్తుందేమో వెంటనే వెళ్ళి చెప్పు. అన్నయ్యని తీసుకెళ్ళకు.

ఆడపడుచు


ఇల్లు

అమ్మాయీ,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. అత్తయ్య నీ మంచికే దాచామన్నారు. నువ్వు బాధపడతావని చెప్పలేదన్నారు మీ అన్నయ్య. నేను బాధపడకూడదని నాకు ఆపరేషను లేకుండా చేశారన్నమాట. ఇంత ప్రేమని ఎక్కడ సర్దుకోవాలో తెలియక పళ్ళేలు తీసేశాను. ఆయన ఇంకా తింటున్నారు.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆటోలో వెళ్ళి, ఆటోలో వచ్చాను. దారిలో ఏమీ కాలేదు. ఏమైనా అయి ఉంటే ఆటో అతన్ని కూడా బయల్దేరమనేదాన్నేమో!

విన్నాక ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. ఫిట్స్ నడుస్తుండగా మాట అంత స్పష్టంగా వస్తోందంటే, మాట పుట్టే వైపు ఆ గొడవలో లేదనే ఎక్కువ నమ్మకమట. అంటే కుడివైపు. స్కానులో మచ్చ ఉన్న వైపే. కానీ చెప్పుడుమాట మీద తల తెరవరు కదా. ఆ మాటని ఆవిడ చెవులతో వినాలి, తీగల గీతలు పక్కనే శుభ్రంగా నడుస్తూ ఉండాలి. మళ్ళీ చేరాలి. ఆ గది ఖాళీ అయ్యేది మూడు నెలలకి. ఈసారి తోడుండే మనిషి నన్ను ముట్టుకోకూడదని ఫైలు మీద ఎర్రసిరాతో రాశారు.

నువ్వు రావాలి.

ఏడేళ్ళ కింద నీతో అన్నానంటున్న మాటకి క్షమాపణ అడగను. అప్పుడు నేను అక్కడ లేను. నాకు గుర్తున్నది నువ్వు సంచి విప్పడం. తెలివి వచ్చేసరికి నువ్వూ లేవు, సంచీ లేదు. మీ ఆయన వచ్చి తీసుకెళ్ళాడన్నారు. నీకోసం ఆ గది సర్దింది నేనే. కిటికీ పక్కకి మంచం జరిపింది కూడా నేనే. ఎన్నాళ్ళుంటావని అడగకూడదని మనసులో అనుకుంటూ జరిపాను.

వదిన


డ్రైవింగ్ స్కూలు

వదినా,

వస్తాను.

పక్కసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే నా వృత్తి. నేర్చుకునేవాళ్ళు గోడమీదికి పోతున్నా ఆఖరిక్షణం దాకా చెయ్యి వెయ్యను. మీ డాక్టరమ్మకి నాకంటే తగిన మనిషి దొరకదు. అన్నయ్య కుర్చీని మాత్రం నేలకి మేకులు కొట్టించమను.

నువ్వు మళ్ళీ బయల్దేరమంటే ఈసారి కదలను. నేనూ మా అమ్మ కూతురినే.

ఆడపడుచు


డ్రైవింగ్ స్కూలు, ముందుగది

వదినా,

నేను బస్సెక్కేటప్పటికి నువ్వింకా మగతలోనే ఉన్నావు. నువ్వు లేని చోట జరిగింది కాబట్టి నీ బదులు నేను చూసింది రాస్తున్నాను. అబద్ధం ఒక్కటి కూడా కలపలేదు, అవసరం రాలేదు.

పొద్దుటిపూట. అమ్మా అన్నయ్యా చూడ్డానికి వచ్చారు. ఆసుపత్రి దుప్పటి గరుగ్గా ఉందని అమ్మ ఇంటి నుంచి మెత్తటిది తెచ్చింది. దుప్పటి! నేను ఏమీ అనలేదు, గుర్తుపెట్టుకో. అన్నయ్య గోడ దగ్గర కూర్చున్నాడు. జిగురు కింద దురదగా ఉందని నువ్వు తీగలమ్మాయిని సాధిస్తున్నావు. మధ్యలో ఆగి, "వస్తోంది" అని మీట నొక్కావు.

అన్నయ్య లేచాడు. పాపం, వాడికి తెలియకుండానే కాళ్ళు లేచాయి. చెయ్యి దుప్పటి మీద పడింది. నేను మణికట్టు పట్టుకున్నాను. మా కార్లలో నా కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఎదుటివాళ్ళు నొక్కకపోతే నేను నొక్కుతాను. అలాగే.

"అందరూ చూస్తున్నారే" అన్నాడు.

"చూడ్డానికే కదరా వచ్చింది" అన్నాను.

దుప్పటి కొస చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాడి మొహం చూస్తే నాకొకటి తోచింది. ఇన్నేళ్ళలో నీ ఫిట్స్ వాడు మొదలు నుంచి చివరిదాకా చూడటం అదే మొదటిసారి వదినా. కప్పినవాడికి కనిపించేది దుప్పటే కదా. వాడు ఏదో ఘోరం ఉంటుందనుకున్నట్టున్నాడు. నువ్వేమో పెదాలు చప్పరిస్తున్నావు, కుడిచేత్తో పక్కబట్ట గిల్లుతున్నావు, ఎడమచెయ్యి మెలితిరిగి కొయ్యలా బిగుసుకుంది. అంతే. చూడలేనిదేమీ లేదు. మా ఆయన భోంచేస్తుంటే అంతకంటే ఘోరంగా ఉంటాడు.

నర్సు వచ్చింది, కెమెరాకి అడ్డం రాకుండా పక్కన నిలబడి నీ పేరు అడిగింది. నువ్వు పట్టించుకోలేదు. అమ్మ వైపు తిరిగావు. మర్యాదగా, తీరిగ్గా అన్నావు: "ఇక బయల్దేరండి, పొద్దుపోయింది."

అమ్మ వెంటనే, "ఇప్పుడేగా వచ్చాను" అంది.

అలవాటు! నెలనెలా ఆవిడ నీకు జవాబిస్తూనే ఉందన్నమాట. అది కూడా రికార్డయింది. డాక్టర్లందరూ కూర్చుని వింటారట. తర్వాత నర్సు దువ్వెన చూపించి ఇదేమిటని అడిగితే, "దువ్వెన" అన్నావు, దువ్వెన కూడా తెలియదా అన్నట్టు.

తీగలమ్మాయి నన్ను పక్కగదిలోకి పిలిచింది. తెరమీద వరసలు వరసలుగా గీతలు. అన్నీ మామూలుగా పోతున్నాయి. కుడి కణత దగ్గర, చెవి ముందు ఉన్న రెండు తీగల గీతలు మాత్రం ఒక్కసారిగా రంపపు పళ్ళలా లేచాయి. మిగతావాటికి ఇంకా కబురు కూడా అందలేదు. తర్వాత మెల్లగా ఒక్కొక్కటీ అందుకున్నాయి. "ఇదిగో అక్కా, గొడవ లేచిన గది" అని వేలు పెట్టి చూపించి, తెరకి వేలిముద్ర అంటిందని కొంగుతో తుడిచింది. డాక్టరమ్మ చెప్పేదాకా నేను చెప్పానని అనకండేం అంది. అనను అన్నాను. నీకు రాయకూడదని ఆ అమ్మాయి చెప్పలేదు.

నేను మాత్రం కదల్లేదు. బస్సు టైము అయ్యేదాకా ఉన్నాను.

ఆడపడుచు


ఆసుపత్రి, రెండో అంతస్తు, ఆపరేషను ముందురోజు

నా ఆడపడుచుకి,

రేపు పొద్దున్నే తీసుకెళ్తారు. తల సగం గొరిగారు. మిగిలిన సగం అత్తయ్య దువ్వారు. చిక్కు దగ్గర కూడా గట్టిగా లాగలేదు.

గీతలు, వీడియో, స్కాను, మాట, నాలుగూ ఒకే వేలు చూపించాయని డాక్టర్లందరూ ఒప్పుకున్నారు. కుడి కణత లోపల. నిన్న డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి లాభం, నష్టం రెండూ విప్పి చెప్పారు. పదిమందిలో ఆరేడుగురికి ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. మిగతావాళ్ళలో కొందరికి తగ్గుతాయి, కొందరికి అదీ ఉండదు. చూపులో ఒక మూల మసకబారొచ్చు. ముఖాలు గుర్తుపట్టడం కాస్త తగ్గొచ్చు. అది విని మన బంధువులందరినీ ఒక్కసారి మనసులో వరసగా నిలబెట్టి చూశాను. పెద్ద నష్టం కనిపించలేదు. భయం లేదని మాత్రం రాయను. తల తెరుస్తారు. మెలకువ వచ్చేసరికి నేను నేనుగానే ఉంటానా అని అడిగాను. ఉంటారన్నారు. అలా ఎలా చెప్పగలరని అడగలేదు.

మీ అన్నయ్య గొంతు సవరించుకుని, నెలకి రెండు మూడేగా డాక్టరుగారూ, అలవాటైపోయింది కదా అన్నారు.

"ఎవరికి?" అన్నారు డాక్టరమ్మ.

ఆయన నా వైపు చూశారు. జవాబు నేను చెబుతానేమోనని. నేను డాక్టరమ్మ వైపు చూశాను.

తర్వాత ఆయనే, వంట మర్చిపోతుందా అని అడిగారు. మర్చిపోదని చెప్పారు. అదొక్కటే నాకు నిరాశ కలిగించిన సమాధానం.

అత్తయ్య చివరిదాకా ఆగి, ఆ బయల్దేరమనే మాటకి ఏమైనా అర్థం ఉందా అని అడిగారు. ఏ అర్థమూ లేదు, అరిగిపోయిన రికార్డులో ముల్లు ఒకేచోట పడుతున్నట్టు ఆ మాట వస్తుంది, అంతే అన్నారు డాక్టరమ్మ. అత్తయ్య ఊపిరి పీల్చుకున్నారు. నేను కాదనలేదు. చదువుకున్న మనిషి చెప్పిన మాట కదా.

అప్పుడు ఒప్పుకోలు కాగితాలు బల్ల మీద పెట్టారు. మీ అన్నయ్యది రోజంతా సంతకాలు పెట్టే ఉద్యోగం. కాగితం కనబడగానే జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఎక్కడ అన్నారు. డాక్టరమ్మ కాగితాలని ఆయన ముందు నుంచి తీసి నా వైపు తిప్పారు.

నేను చదివాను. నా సంగతి నీకు తెలుసు కదా, కిరాణా కాగితమైనా కింది గీత దాకా చదవందే వదలను. మూడో పేజీలో ఒక మాట తెలియక అడిగాను, చెప్పారు. ఇంకోచోట మళ్ళీ అడిగాను, మళ్ళీ చెప్పారు. మీ అన్నయ్య గడియారం చూసుకున్నారు.

"అందరూ సంతకం పెట్టేవేగా అవి. అంత చదవాలా?" అన్నారు.

"నా తల" అన్నాను.

పైకి అన్నాను. పూర్తి తెలివిలో ఉండే అన్నాను. ఆయన దుప్పటి కోసం చూడలేదు, అందుకు సంతోషించాను.

అన్ని పేజీలూ అయ్యాక, నీకు రాస్తున్న ఈ పెన్నుతోనే సంతకం పెట్టాను. తలెత్తి చూస్తే ఆయన చేతిలో పెన్ను ఇంకా విప్పే ఉంది.

మూత పెట్టుకోండి, ఇంకు ఎండిపోతుంది అన్నాను.

వదిన